గాయం కడిగిన గంగ: మన జిల్లాల నీరు, హిందూ జైన ఆలోచన



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ సారు బడిలో చెప్పింది తెలుగు. మనసు మాత్రం ఎప్పుడూ శాసనాల మీద, చెరువుల మీద ఉండేది. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. విషయం నన్నే ఎంచుకొమ్మని నిర్వాహకులు అన్నప్పుడు అందుకే నీటిని ఎంచుకున్నాను. హిందూ, జైన సంప్రదాయాలు నీటిని పవిత్రం అన్నప్పుడు అసలు ఏం చెప్పాయి? ఆ మాటలో ఎంత భాగం మన ఊళ్ల చుట్టుపక్కల ఇంకా బతికి ఉంది?

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. నీటి గురించి మన పెద్దలు రెండు మాటలు చెప్పారు. నీరు మనల్ని శుద్ధి చేస్తుంది అన్నది ఒకటి. నీటికి మనం అపచారం చేయరాదు అన్నది రెండోది. మొదటి మాట మనకు బాగా వంటబట్టింది. మునకలు వేస్తాం, తీర్థం పుచ్చుకుంటాం, సంప్రోక్షణ చేయిస్తాం. రెండో మాటను మాత్రం దాదాపు వదిలేశాం. జైనులు ఆ రెండో మాటనే పట్టుకొని దాని మీద ఒక జీవన విధానాన్ని కట్టుకున్నారు. అది మన పుస్తకాల్లోనూ ఉంది, మన ఊరి గుడి కథలోనూ ఉంది. ఎక్కడుందో చూపించడానికే ఈ ఉపన్యాసం.

గుడిలో హారతి అయ్యాక అర్చకులు మంత్రపుష్పం చదువుతారు. చిన్నప్పటి నుంచీ వింటున్నాం, చేతిలో పువ్వులు పట్టుకొని నిలబడుతున్నాం. అది తైత్తిరీయ ఆరణ్యకం మొదటి ప్రపాఠకంలోది. ఆ భాగాన్ని అరుణప్రశ్న అంటారు. నీటి పువ్వును ఎరిగినవాడి గురించి చెప్పే ఆ మంత్రానికి విషయం మొత్తం నీరే. చంద్రుడే నీటి పువ్వు అంటుంది. తర్వాత అగ్ని, వాయువు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, మేఘం, సంవత్సరం ఒక్కొక్కటిగా తీసుకొని, అది నీటికి నిలయం, నీరు దానికి నిలయం అని చెప్పుకుంటూ పోతుంది. లోకంలో నీటితో సంబంధం లేకుండా నిలబడగల వస్తువు ఒక్కటీ లేదన్న చూపు అది.

అదే ప్రశ్నలో ఇంకొంచెం ముందుకు పోతే అరుణకేతుక చయనం వస్తుంది. మామూలు చయనంలో ఇటుకలు పేర్చి వేదిక కడతారు. ఇక్కడ ఇటుకల స్థానంలో నీళ్లనే పేరుస్తారు. అది చేసేవాడు పాటించవలసిన నియమాలు కొన్ని అక్కడే చెప్పారు. నీళ్లలో మలమూత్రాలు విడవరాదు. ఉమ్మరాదు. బట్ట లేకుండా స్నానం చేయరాదు. తామరాకును తొక్కరాదు. తాబేలు మాంసం తినరాదు. ఇవి పాటించేవాడికి నీళ్లలోని ప్రాణుల వల్ల హాని కలగదని కూడా చెప్పారు. మంత్రపుష్పం ఊరూరా నిలిచింది. దాని వెనకే వచ్చే ఈ నియమాలు పండితుల పుస్తకాల్లోనే ఉండిపోయాయి. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. రెండూ ఒకే గ్రంథంలో, ఒకే ప్రశ్నలో, నాలుగు అనువాకాల దూరంలో ఉన్నాయి. మనం స్తోత్రం ఉంచుకొని నియమాన్ని పోగొట్టుకున్నాం.

మనుస్మృతి నాలుగో అధ్యాయం కూడా ఇదే మాట అంటుంది. నీటిలో మలం, మూత్రం, ఉమ్మి, మలినమైన బట్ట, నెత్తురు, విషం వేయరాదని. ఆ జాబితాలో విషం ఉండడం గమనించండి. ఇవాళ మనం కాలుష్యం అంటున్న దాన్ని అప్పటి వాళ్లు వస్తువుల పేర్లతోనే చెప్పారు. ఆచమనానికి ఎంత నీరు తీసుకోవాలో కూడా సంప్రదాయం చెప్పింది. మినపగింజ మునిగేటంత. అరచేతి గుంటలో అంతకన్నా ఎక్కువ పోసుకుంటే తప్పు, తక్కువైనా తప్పు. పవిత్రమైనదాన్ని వాడేటప్పుడు కొలత ఉండాలని మన ఇళ్లలో పిల్లలకు మొట్టమొదట నేర్పే పాఠం ఇదే.

ఇప్పుడు వాడపల్లికి వస్తాను. మిర్యాలగూడ నుంచి దక్షిణంగా దామరచర్ల మీదుగా పోతే కృష్ణ ఒడ్డున వాడపల్లి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు మీదుగా, మన సూర్యాపేట పక్క నుంచి వచ్చి అక్కడ కృష్ణలో కలుస్తుంది. పురాణాల వాళ్లు ముచికుందా నది అన్నది దీన్నే. ఆ సంగమం దగ్గర రెండు గుళ్లున్నాయి. ఒకటి లక్ష్మీనరసింహస్వామిది. అక్కడ స్వామి ముక్కు ఎత్తున వెలిగించిన దీపం రెపరెపలాడుతుందనీ, దాని కింది దీపం కదలకుండా ఉంటుందనీ భక్తులు చూసి చెబుతారు. రెండోది మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి గుడి. నేను ఆగదలచుకున్నది ఈ రెండో గుడి దగ్గర.

అగస్త్యేశ్వరుడి లింగం తలపై ఒక గుంట ఉంటుంది. అందులో ఎప్పుడూ నీళ్లుంటాయి. ఎంత తీసినా మళ్లీ ఊరతాయంటారు. లింగం పైభాగాన వేళ్లతో లాగినట్టు గుర్తులు కనిపిస్తాయి. దీనికి ఒక స్థలపురాణం ఉంది. ఒక బోయవాడు ఆకలితో ఒక పక్షిని తరుముకుంటూ వచ్చాడు. పక్షి ఎగిరొచ్చి లింగం వెనక దాక్కుంది. శివుడు ప్రత్యక్షమై, శరణు కోరి వచ్చినదాన్ని చంపొద్దన్నాడు. నాకు ఆకలి, నేనేం తినాలి అన్నాడు బోయవాడు. నా తల నుంచి మాంసం తీసుకో అన్నాడు శివుడు. బోయవాడు రెండు చేతులా తీసుకున్నాడు. ఆ వేళ్ల గుర్తులే లింగం మీదివి. అప్పుడు శివుడి తలకైన గాయాన్ని కడగడానికి గంగ వచ్చింది. ఆ గంగే గుంటలో నిలిచిన నీరు. ఆదిశంకరులు లోతు చూద్దామని దారం కట్టి ఒక గుండును దించితే, పైకి తీసినప్పుడు దానికి నెత్తురు, మాంసం అంటుకొని వచ్చాయని, ఆయన పరీక్షించినందుకు క్షమించమని వేడుకున్నాడని ఇంకో కథ.

ఈ కథను ఎన్నిసార్లు విన్నా నాకు కొత్తగానే ఉంటుంది. దేశంలో గంగ కథలు ఎన్నో ఉన్నాయి. సగరపుత్రుల బూడిద తడపడానికి వచ్చింది, పాపాలు కడగడానికి వచ్చింది, మోక్షం ఇవ్వడానికి వచ్చింది. వాడపల్లిలో మాత్రం గాయం కడగడానికి వచ్చింది. ఒక పక్షి ప్రాణం కాపాడడానికి దేవుడు తన ఒంటి మీద చేసుకున్న గాయం అది. ఈ కథలో నీరు పవిత్రమైంది ఒక ప్రాణికి అభయం దొరికినందువల్ల. శిబి చక్రవర్తి కథకు ఇది దగ్గరి చుట్టమని మీకు వెంటనే తోస్తుంది. జైనులకూ ఈ కథ ఉంది. పదహారో తీర్థంకరుడు శాంతినాథుడు పూర్వజన్మలో మేఘరథుడనే రాజుగా ఉండి, డేగ నుంచి పావురాన్ని కాపాడడానికి తన మాంసం కోసి ఇచ్చాడని వాళ్లు చెప్పుకుంటారు. ఏది ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందన్న లెక్కలోకి నేను పోను. కృష్ణ ఒడ్డున మన ఊరి శివుడి కథా, జైన గ్రంథాల్లోని రాజు కథా ఒకే విషయం మీద నిలబడ్డాయి. నాకు అది చాలు.

జైనుల దగ్గరికి వద్దాం. హిందూ ఆలోచనలో నీరు పంచభూతాల్లో ఒకటి, దేవత, అమ్మ. జైన ఆలోచనలో నీరు ప్రాణి. నీటిలో ప్రాణులుంటాయని వాళ్లూ అంటారు, అది వేరే. నీటినే శరీరంగా చేసుకున్న జీవాలున్నాయని కూడా అంటారు. వాటిని అప్కాయిక జీవులంటారు. వాటికి ఉన్నది స్పర్శ అనే ఒక్క ఇంద్రియమే. చూడలేవు, అరవలేవు, పారిపోలేవు. ఆచారాంగ సూత్రం మొదటి అధ్యాయంలోనే మట్టి, నీరు, నిప్పు, గాలి, చెట్టుచేమల రూపంలో ఉన్న జీవాలను మనిషి ఎట్లా హింసిస్తున్నాడో విడివిడిగా చెప్పారు. ఆ అధ్యాయం పేరే శస్త్రపరిజ్ఞ. ఏది ఎవరికి ఆయుధమవుతుందో తెలుసుకోవడం అని దాని భావం. నీటి జీవాలకు మన చెయ్యి, మన బిందె, మన సబ్బు అన్నీ ఆయుధాలే.

ఇట్లా అనుకున్నవాడు నీళ్లెట్లా తాగుతాడు? జైన గృహస్థుల ఇళ్లలో నీళ్లు వడగట్టే పద్ధతి చూస్తే జవాబు దొరుకుతుంది. మందపాటి నూలు గుడ్డను రెండు మడతలు వేసి బిందె మూతికి కడతారు. గుడ్డ మూతి కన్నా బాగా పెద్దదిగా ఉండాలి, నడిమి భాగం లోపలికి జారి ఉండాలి. మెల్లగా పోసి వడకడతారు. అంతవరకు ఎవరైనా చేస్తారు. గుడ్డ మీద మిగిలిన తడిలో కంటికి కనపడని జీవాలున్నాయని వాళ్ల నమ్మకం. అందుకని గుడ్డను తిప్పి, వడగట్టిన నీళ్లతోనే నెమ్మదిగా తడిపి, ఆ తడిని ఏ బావి నీళ్లో మళ్లీ ఆ బావిలోకే పంపుతారు. పైనుంచి విసరరు. అడుగున కొక్కెం ఉన్న చిన్న బొక్కెనలో పోసి, నీటి మట్టం దాకా దించి, అక్కడ బొక్కెనను ఒంచుతారు. ఆ బావిలో పుట్టింది ఆ బావిలోనే బతకాలి, ఇంకో నీళ్లలో వేస్తే చచ్చిపోవచ్చు. వడగట్టిన నీళ్లు కూడా ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలే పనికొస్తాయి. ఆ తర్వాత మళ్లీ వడగట్టాలి.

సాధువులు పచ్చినీళ్లు ముట్టరు. కాచిన నీళ్లే తాగుతారు. కాచితే ఆ జీవాలు చనిపోవా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. వాళ్లు దానికి చెప్పే సమాధానం ఇది. సాధువు తన కోసం కాచమని అడగడు, గృహస్థు తన ఇంటికి కాచుకున్న దాంట్లోంచే పుచ్చుకుంటాడు. ఒకసారి కాచిన నీళ్లలో కొంతకాలం కొత్త జీవాలు పుట్టవు కాబట్టి మొత్తం మీద హింస తగ్గుతుంది. ఈ తర్కం మీకు పూర్తిగా నచ్చకపోవచ్చు. నాకు ముఖ్యమనిపించేది దాని వెనకున్న మనసు. నీళ్లు తాగక తప్పదు, తాగడంలో ఏదో ఒక అపచారం జరగక తప్పదు, కాబట్టి ప్రతి గుక్కకూ లెక్క చెప్పుకోవాలి అనుకునే మనసు.

ఇదే మనసు తీర్థస్నానాన్ని ఒప్పుకోలేదు. చన్నీళ్లు తగిలితేనే ముక్తి వచ్చేటట్టయితే నీళ్లలోని చేపలకూ కప్పలకూ ఎప్పుడో వచ్చి ఉండాలని సూత్రకృతాంగం వాదిస్తుంది. దిగంబర ముని 28 మూలగుణాల్లో స్నానం చేయకపోవడం ఒకటి. అంతమాత్రాన వాళ్లకు నీటి పూజ లేదని అనుకోకండి. జినుడు పుట్టగానే ఇంద్రుడు మేరు పర్వతం మీదికి తీసుకుపోయి క్షీరసముద్రం నీళ్లతో అభిషేకం చేశాడని వాళ్ల కథ. కొలనుపాకలో ఆదినాథుడికి, మహావీరుడికి ఇప్పటికీ అభిషేకం జరుగుతుంది. మన పాత నల్లగొండ జిల్లాలో, ఆలేరు పక్కన, జైనం ఇంత బలంగా నిలబడిన ఊరు ఉందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? అదే ఊళ్లో సోమేశ్వరుడి గుడి ఉంది, వీరశైవులకు అది రేణుకాచార్యుల ఊరు. మూడు దారుల వాళ్లు అభిషేకానికి ఆ నేల నీళ్లే వాడుకున్నారు.

చెరువు తవ్వితే మట్టిలోని జీవాలు చస్తాయి కదా, మరి జైనులు చెరువులు తవ్వలేదా? తవ్వారు. కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఉంది. వేయించినవాడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు. తెలుగు కందపద్యాలు దొరికిన తొలి శాసనాల్లో ఒకటిగా మన సాహిత్య విద్యార్థులు దాన్ని చదువుకుంటారు. పద్యాల మోజులో ఒక సంగతి పక్కకు పోతుంది. త్రిభువనతిలకమనే బసదితో పాటు కవితాగుణార్ణవమనే చెరువునూ, మదనవిలాసమనే తోటనూ ఏర్పరచినట్టు ఆ శాసనం చెబుతుంది. గుడి, చెరువు, తోట ఈ మూడింటినీ కలిపి ఇచ్చాడు ఆ జైనుడు.

దీనికి జోడుగా ఉపాసకదశాంగంలోని ఒక నియమం చెబుతాను. జైన గృహస్థు చేయకూడని వ్యాపారాలు పదిహేను ఉన్నాయి. అడవులు కొట్టడం, విషం అమ్మడం లాంటివి అందులో ఉన్నాయి. సరస్సులను, మడుగులను, చెరువులను ఎండగట్టి బతకడం కూడా అందులో ఒకటి. చెరువు శిఖంలో ప్లాట్లు వేసి అమ్ముకోవడం అన్నది రెండు వేల ఏళ్ల నాటి వాళ్ల ఊహకు అందకపోవచ్చు. కానీ చెరువు ఎండడం వల్ల లాభం వచ్చే వృత్తి ఏదైనా అధర్మమే అని వాళ్లు తేల్చేశారు. ఇంతకన్నా సూటిగా ఇవాళ్టి ఏ చట్టమూ చెప్పలేదు.

కాకతీయుల కాలానికి వస్తే మనకు వేరే ఉదాహరణలు వెతకనక్కర్లేదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని అక్కడ ఎరకేశ్వరాలయం కట్టించింది. ఆ వంశంవాడే రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడితో పాటు పెద్ద చెరువునూ నిలిపాడు. నల్లగొండ పక్క పానగల్లులో కందూరు చోడ ఉదయాదిత్యుడి పేర ఉదయసముద్రం ఉంది. చెరువును సముద్రమని పిలవడం ఆ రాజులకు అలవాటు. దేవాలయం, చెరువు, తోట, అగ్రహారం, నిధి, కావ్యం, కొడుకు ఈ ఏడింటినీ సప్తసంతానాలన్నారు. కొడుకు లేనివాడికి చెరువు కొడుకుతో సమానం. కడప జిల్లా పోరుమామిళ్ల దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ వివరంగా చెబుతుంది. గట్టినేల, మంచి నీటి వాగు, దగ్గర్లో కొండ, లెక్క తెలిసిన పనివాడు, ఇవన్నీ ఆ జాబితాలోవే. పుణ్యం కోసం కట్టినా తూము ఎక్కడ పెట్టాలో, అలుగు ఎక్కడ దుంకాలో తెలిసి కట్టారు. భక్తిని, ఇంజనీరింగును వాళ్లు విడదీయలేదు.

ఇక్కడ ఒక చేదు మాట అనక తప్పదు. నీరు మనల్ని శుద్ధి చేస్తుందన్న మాటను మాత్రమే పట్టుకున్న సమాజం ఒక ప్రశ్న దగ్గర ఘోరంగా పడిపోయింది. ఎవరు ముట్టుకుంటే నీరు మైల పడుతుంది అన్న ప్రశ్న అది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిలితో తాగారు. ఆ తర్వాత అగ్రవర్ణాల వాళ్లు 108 కుండల్లో పేడ, పంచితం, పాలు, పెరుగు పోసి ఆ చెరువును శుద్ధి చేశామనుకున్నారు. మహాడ్ దూరమని మనం ఊరట పడనక్కర్లేదు. మన ఊళ్లలోనూ వాడకు వేరే బావి ఉండేది, గట్టు దూరాన నిలబడి ఎవరో పోసే దాకా దోసిలి పట్టుకొని ఉండవలసి వచ్చేది. మనిషి చెయ్యి తగిలితే నీటికి మైల అన్నది పవిత్రత పేరుతో జరిగిన మహాపాపం. అరుణప్రశ్న నియమాల్లో ఎక్కడా ఫలానా కులం అని లేదు, ఫలానా పని చేయకు అని ఉంది. జైనుడి ప్రశ్న కూడా అదే. నా చెయ్యి తగిలి నీటికి ఏం హాని జరిగింది అని అతను అడుగుతాడు. ఆ ప్రశ్న అన్ని చేతులకూ ఒకటే.

పవిత్రతను పంచే ఆచారమూ మన దగ్గరే ఉంది. ఎండాకాలం వస్తే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో బస్టాండ్ల దగ్గర చలివేంద్రాలు పెడతారు. ఇసుకలో వరసగా రంజన్లు, చుట్టూ తడిపిన గుడ్డ, తీసి పోయడానికి పొడుగు కాడ గరిటె. ఎవరు నువ్వు అని అడగకుండా పోస్తారు. దీన్ని నేను గుడి కన్నా తక్కువగా చూడను.

సూర్యాపేట సద్దుల చెరువు దగ్గర తొమ్మిదో రోజు సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు తెస్తారు. తంగేడు, గునుగు పువ్వుల వరసలు, పైన పసుపుతో చేసిన గౌరమ్మ. నీళ్లలో వదలడానికి పూలకన్నా తగిన వస్తువు లేదు. నాలుగు రోజుల్లో కుళ్లి చేపలకూ బురదకూ ఆహారమవుతాయి. అదే చెరువుల్లోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకులు వస్తే నెలల తరబడి కరగరు, రంగులు నీళ్లలోకి దిగుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించి ఇవి వద్దంది. మండలి చెప్పే దాకా ఎందుకు ఆగాలి? మట్టి వినాయకుణ్ణి మళ్లీ మట్టిలో కలపడమే కదా మన నిమజ్జనం.

2015లో మిషన్ కాకతీయ మొదలై రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని సంకల్పించింది. పూడిక మట్టిని రైతులు బండ్ల మీద, ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్నారు. మంచి పని. పూడిక తీసిన చెరువులోకి వాగు నీళ్లు వచ్చే దారిని మాత్రం చాలాచోట్ల ఎవరో మూసేశారు. ఫీడర్ కాలువ లేని చెరువుకు గట్టు మీద దీపాలు పెట్టి ప్రయోజనం లేదు.

ఇక సాగర్. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన చేస్తూ నెహ్రూ అది తనకు ఒక పవిత్ర కార్యమని అన్నారు, దేశమంతా కడుతున్న కొత్త గుళ్లకు అది గుర్తని అన్నారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎడమ కాలువ మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల బతుకునే మార్చేసింది. ఈ హాల్లో కూర్చున్న వాళ్లలో చాలామంది చదువులకు ఆ కాలువే ఫీజు కట్టింది. ఆ నీటి కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగిందని కూడా గుర్తుంచుకోవాలి. కృష్ణ ఒడ్డున వాళ్లు రాతిపలకలతో కట్టిన స్నానఘట్టాన్ని విప్పి తెచ్చి నాగార్జునకొండ దీవి మీద మళ్లీ పేర్చారు. పడవలో వెళ్లి చూడండి. నీటి దగ్గరికి దిగే మెట్లను మూడో శతాబ్దంలో ఎంత శ్రద్ధగా కట్టారో తెలుస్తుంది.

కొత్త గుడి అన్నాక అక్కడా ఆచారం ఉండాలి కదా. కాలువ మొదట్లో ఉన్న పొలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, మేజరు చివర్న ఉన్న పొలం నెర్రెలు బారుతుంది. రాత్రిపూట తూము దగ్గర కాపలాలు, తగాదాలు. వారబందీ పద్ధతి ఎందుకు పెట్టారు? నీ వంతు నీళ్లు నువ్వు తీసుకొని, మిగతావి కిందివాడికి వదలమని. మినపగింజ కొలత చెప్పిన ఆచమనానికీ వారబందీకీ నాకు తేడా కనిపించదు. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. బాయిల్డ్ రైస్‌కు వడ్లను వేడినీళ్లలో నానబెట్టి ఆవిరి పట్టాలి. ఆ నానబెట్టిన నీళ్లు బయటికి వచ్చేటప్పటికి పులిసి, పసుపు పచ్చగా, వాసనతో ఉంటాయి. వాటిని శుద్ధి చేసి వదలాలా, అట్లాగే వదలాలా అన్నది మిల్లు యజమాని ఉదయం చేసే పూజలో భాగమే అని నేను అంటాను.

ఫ్లోరైడ్ గురించి ఒక్క మాట. వేదం నీటిని ఔషధమంది. మన పాత జిల్లా పడమటి మండలాలైన మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఆ ఔషధమే ఎముకలు వంచింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదమైన ఫ్లోరైడ్ అక్కడి గ్రానైటు రాళ్లలోంచి భూగర్భజలంలోకి దిగింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో దాన్ని తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించినప్పుడు దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరొచ్చింది. ప్రపంచమంతా చదువుకునే ఒక పద్ధతికి మన జిల్లా పేరు ఇట్లా చేరింది. తరాల బాధ తర్వాత మిషన్ భగీరథ నల్లాలతో కృష్ణ నీళ్లు అందాయి. నీటిని తెచ్చి ఇవ్వడమే అక్కడ అసలైన అభిషేకం.

చివరగా మూసీ. మన ఇళ్లలో కలశపూజకు చెప్పే ఏడు నదుల్లో కృష్ణ పేరు లేదు, గోదావరి ఉంది. పంచగంగల్లో మాత్రం కృష్ణవేణి ఉంది. మనం బిందెలో నీళ్లు పోసి ఆ నదులన్నింటినీ రమ్మని పిలుస్తాం. వాడపల్లిలో మూసీ పిలవకుండానే కృష్ణలోకి వస్తున్నది, హైదరాబాదు మహానగరం మురుగును మోసుకొని. నది తప్పు ఇందులో లేదు. పట్నం తన ఉమ్మిని, తన మలాన్ని, తన కర్మాగారాల విషాన్ని అందులో వేసింది. ఆరణ్యకం, మనువు పేరు పెట్టి వద్దన్న వస్తువులన్నీ అవే. సూర్యాపేట పెద్దలకు మూసీ నీళ్లు తాగిన రోజులు ఇంకా గుర్తే. సోలిపేట దగ్గర ప్రాజెక్టు గేట్ల ముందు తేలే నురగ ఇప్పుడూ చూడవచ్చు. ఆ నీళ్లతోనే కింద పొలాలు పండుతున్నాయి. ఆ వడ్లు మనమే తింటున్నాం.

2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగాయి. వాడపల్లిలో, మట్టపల్లిలో లక్షలమంది మునకలు వేశారు. గురువు మళ్లీ కన్యారాశికి వచ్చినప్పుడు, 2028లో, మళ్లీ వస్తాయి. అప్పటికి ఘాట్లు వెడల్పు చేస్తారు, మెట్లకు టైల్సు వేస్తారు, దుస్తులు మార్చుకునే గదులు కడతారు. వీటన్నింటికీ నేను వ్యతిరేకిని కాను. శివుడి గాయం కడగడానికి గంగ దిగివచ్చిన చోట, మనం దిగబోయే నీళ్లలో ఏముందో తెలుసుకొనే హక్కు భక్తుడికి ఉందంటున్నాను. తెలిసిన తర్వాత పైనున్న పట్నాన్ని నిలదీసే బాధ్యత కూడా అతనికి ఉంది.

అందుకని రెండు చిన్న పనులు ప్రతిపాదిస్తున్నాను. వాడపల్లి, మట్టపల్లి ఘాట్ల దగ్గర అరుణప్రశ్నలోని ఆ నియమాలను తెలుగులో, అందరూ చదవగలిగే పెద్ద అక్షరాలతో, పక్కనే జైనుల వడగట్టే ఆచారాన్ని కూడా ఒక బోర్డు మీద రాయించాలి. దానికయ్యే ఖర్చు సారు పేరున ఉన్న ఈ నిధి నుంచే భరించవచ్చని కుటుంబ సభ్యులు ఇప్పుడే నాతో అన్నారు. రెండోది, సంగమం దగ్గర నీటి పరీక్ష ఫలితాలను ప్రతినెలా తెలుగులో గుడి గోడ మీద అంటించమని కాలుష్య నియంత్రణ మండలినీ, దేవాదాయ శాఖనూ కోరుతూ ఒక అర్జీ రాసి తెచ్చాను. సభ ముగిశాక వేదిక ఎడమపక్క బల్ల మీద ఉంటుంది. కోదాడ, మిర్యాలగూడ మిత్రులు బస్సు అందుకోవాలి కాబట్టి ముందు వాళ్లను సంతకం చేయనివ్వండి.